‘కంటి డాక్టరేనా?’ అన్నారంతా!

మా అమ్మాయికి పీజీ ర్యాంకు వచ్చిన సంబరం మా ఇంట్లో ఒక్క పూటే నిలిచింది. సాయంత్రానికల్లా మా ఆడపడుచు ఫోను. "ఏవమ్మా, ఆడపిల్ల కదా, హాయిగా గైనకాలజీ తీసుకోక ఈ కళ్ల డాక్టరు చదువేవిటీ?" అంది. ఎదురింటి పిన్నిగారు ఇంకో అడుగు ముందుకేసి, "కళ్లజోడు నంబరు చెప్పడానికి ఇన్నేళ్లు చదవాలా?" అని బుగ్గలు నొక్కుకున్నారు. మా వారు పేపరు చాటు నుంచే "దాని చదువు, దాని ఇష్టం" అని తప్పుకున్నారు. ఇంకేముంది, తర్జనభర్జనంతా నా నెత్తిన పడింది!

మాది అప్పనపల్లి. వైనతేయ గోదావరి ఒడ్డున బాలబాలాజీ స్వామి గుడి ఉన్న ఊరు. ఊరికి యాత్రికులు వస్తారు, కొబ్బరికాయల లారీలు వస్తాయి. కంటికి ఏదైనా వస్తే మాత్రం మేమే అమలాపురం పరుగెత్తాలి.

అమ్మాయి ఈ చదువే ఎందుకు కోరుకుందో నాకు తెలుసు. మా అత్తయ్యగారి వల్ల. ఆవిడ గుమ్మానికి భుజం కొట్టుకునేవారు, పక్కనున్న మంచినీళ్ల చెంబు కనబడక తన్నుకునేవారు. మేమంతా శుక్లమే అనుకున్నాం. ‘ముదరనీ, అప్పుడు ఆపరేషన్ చేయిద్దాం’ అని రెండేళ్లు ఊరుకున్నాం. తీరా చూపిస్తే అది నీటికాసుల జబ్బు. ఇందులో కంటి నరం దెబ్బతింటుంది, చాలామందిలో నొప్పి కూడా ఉండదు. ముందు పక్క చూపు పోతుంది. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది కాపాడుకోవడమే. శుక్లానికి ఆపరేషన్ చేస్తే చూపు వస్తుంది గానీ దీనికలా కాదని అప్పుడు తెలిసింది. ఒక కన్ను అప్పటికే పోయింది. తప్పు ఇంకెవరి మీదా వెయ్యను. ఇంట్లో ఉండి చూడనిది మేమే.

రెండు సీట్లు, ఒక నోటుబుక్కు

తీరా కౌన్సెలింగ్ దగ్గర రెండు దారులు కనిపించాయి. ఒకటి మన రాష్ట్రంలోనే ప్రభుత్వ కళాశాలలో ఎం.ఎస్. రెండోది పొరుగు రాష్ట్రంలో ఒక ట్రస్టు కంటి ఆస్పత్రిలో డీఎన్‌బీ. రెండూ నీట్ పీజీ ర్యాంకు మీద వచ్చేవే, రెండూ మూడేళ్లవే. నేను పాత నోటుబుక్కు తీసి మధ్యలో గీత కొట్టి కూర్చున్నాను.

ప్రభుత్వ సీటుకి ఫీజు తక్కువ. రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి పిల్ల ఇంట్లో ఉంటుంది. ట్రస్టు ఆస్పత్రి దూరం, భాష రాదు, ఏటా ఫీజు లక్ష దాటుతుంది. అమ్మ మనసుకి మొదటిదే నచ్చింది. గీతకి ఎడం పక్క నిండిపోయింది కూడా.

అమ్మాయి చూసి నవ్వింది. "అమ్మా, నువ్వు హాస్టలు చూస్తున్నావు. నేను చేతికి పని చూస్తున్నాను" అంది. శుక్లాల ఆపరేషన్ మైక్రోస్కోపు కింద చెయ్యాలి. ముందు మేక కళ్ల మీద సాధన చేయిస్తారట. తరవాత సీనియర్ పక్కన కూర్చుని ఒక్కో మెట్టూ అప్పగిస్తూ, చివరికి మొత్తం ఆపరేషన్ చేతికిస్తారు. ఇది పుస్తకంతో వచ్చే విద్య కాదు. ట్రస్టు ఆస్పత్రిలో చదివిన అమ్మాయి, మూడేళ్లలో తను చేసినవి వందల్లో ఉన్నాయని చెప్పింది. ప్రభుత్వ కళాశాల అమ్మాయి పదుల్లోనే అంది. నా ఎడం పక్క గీతలన్నీ వెలవెలబోయాయి.

మరి ఆడపడుచు మాట? మదురైలో అరవింద్ కంటి ఆస్పత్రి పెట్టిన డాక్టర్ వెంకటస్వామిగారు మొదట కాన్పుల వైద్యమే చదవాలనుకున్నారు. కీళ్లవాతంతో వేళ్లు వంకర్లు పోయి కంటి వైద్యానికి వచ్చారు. ఆ వేళ్లతోనే ఆపరేషన్లు చేశారు. 1976లో 11 మంచాలతో మొదలైన ఆస్పత్రి అది. ఆయన చెల్లెలు నాచ్చియార్‌గారూ కంటి సర్జనే. మన హైదరాబాదులో 1987లో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రి స్థాపించిన డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావుగారు, 1996లో ఆదిలాబాద్ జిల్లా ముధోల్ లాంటి పల్లెకి కూడా కంటి ఆస్పత్రి తీసుకెళ్లారు. ఇవన్నీ చెప్పాక వదిన గైనకాలజీ మాటెత్తలేదు. "మరి పెళ్లో?" అంది. ప్రసూతి సెలవు ఉంటుంది, ఆ మేరకు చదువు వెనక్కి జరుగుతుంది అని ఉన్నదున్నట్టు చెప్పాను. ఆ లెక్క అబ్బాయి వాళ్లకీ ముందే చెప్పాలి.

త్రాసు ఎటు మొగ్గింది?

ఇక ట్రస్టు సీటే అనుకుంటుండగా అమ్మాయి మళ్లీ ఫోను పట్టుకుంది. ఈసారి వేరే ప్రశ్న అడిగింది. "ఓపీలో నువ్వు చూసిన పేషెంటుని తరవాత ఎవరు చూస్తారు?" ప్రభుత్వ కళాశాల అమ్మాయి, "మా దగ్గర ప్రొఫెసరుగారు మళ్లీ కంటి నరం చూపించి మాచేత చెప్పిస్తారు. వరిగింజ తగిలిన కన్ను, షుగరు కన్ను, నెల తక్కువ బిడ్డ కన్ను అన్నీ వస్తాయి" అంది. ట్రస్టు ఆస్పత్రి అమ్మాయి, "మా గుంపు పెద్దది, శుక్లాలే ఎక్కువ. మిగతావి చూడాలంటే మన పూనికే" అని నిజం చెప్పింది.

ఆ రాత్రి అమ్మాయి నాతో అంది. "మామ్మకి ఆపరేషన్ చేసేవాళ్లు లేక కన్ను పోలేదమ్మా. నరం చూసేవాళ్లు లేక పోయింది. నాకు ముందు చూడ్డం రావాలి." నేను మాట్లాడలేదు.

ప్రభుత్వ సీటులోనే చేరింది. పిల్ల దగ్గర్లో ఉందని నాకు లోపల సంతోషమే, ఎందుకు దాచాలి? కానీ దీనికి వెల ఉంది. చేతికి పని తక్కువ పడిన లోటు తీరడానికి, చదువయ్యాక ఇంకో ఏడాదో రెండేళ్లో ఎక్కడైనా ఫెలోషిప్ చెయ్యాల్సి రావచ్చు. సొంత క్లినిక్ అంటే యంత్రాల ఖర్చు మామూలు కాదు. ఇవన్నీ గీతకి కుడి పక్క రాసే ఉంచాను, చెరపలేదు.

వెళ్లే ముందు ఒక పని చేసింది. నీటికాసులున్న వారి పిల్లలకీ అది వచ్చే అవకాశం ఎక్కువట. పేపరు మడిచి పక్కన పెట్టించి, వాళ్ల నాన్నని అమలాపురం తీసుకెళ్లి కంటి ఒత్తిడి, నరం రెండూ చూపించింది. ఫరవాలేదన్నారు. ఏడాదికోసారి చూపించుకోవాలన్నారు. తారీకు నా నోటుబుక్కులోనే రాసింది.

మీ అమ్మాయి చేరుతుంటే ఇవి అడగండి

- మూడో ఏడాది చివరికి సొంతంగా ఎన్ని ఆపరేషన్లు చేస్తారు? చూడ్డం వేరు, చెయ్యడం వేరు.
- డబ్బిచ్చే పేషెంట్లని కూడా నేర్చుకునేవాళ్లకి అప్పగిస్తారా?
- ఓపీలో చూసిన కేసుని పెద్దవాళ్లు మళ్లీ చూసి నేర్పుతారా?
- బాండు ఉందా, ఎన్నాళ్లు? మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి?
- సమాధానాలు ఆఫీసులో కాదు, అక్కడ చదువుతున్న అమ్మాయిల్నే అడగండి. కనీసం ఇద్దర్ని!