వాన ముంచుకొస్తే ఇంట్లో ఉండాలా, ఊరు దాటాలా? ఆకేరు, మున్నేరు మధ్య ఊళ్లకు తెలియాల్సిన లెక్క

కురవి: తుపాను వస్తుందని టీవీలో చెప్పగానే మన దగ్గర వినిపించే మాట ఒకటే. "సముద్రం ఎక్కడ, మనం ఎక్కడ? మనకేం కాదు లే." నిజమే, కురవి నుంచి సముద్రం సుమారు 200 కిలోమీటర్ల దూరం. కానీ గడిచిన మూడేళ్లలో మన చుట్టుపక్కల జరిగింది చూస్తే ఈ మాట మీద నమ్మకం పెట్టుకోవడం ఎంత ప్రమాదమో తెలుస్తుంది.

2023 జూలై 27న భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని మోరంచవాగు ముంచేసింది. తెల్లారేసరికి జనం ఇళ్ల కప్పుల మీద ఉన్నారు. హెలికాప్టర్లు, పడవలు వస్తే గానీ కిందికి దిగలేకపోయారు. అదే రోజు ములుగు జిల్లా కొండాయిలో జంపన్న వాగు 8 మందిని మింగేసింది. చనిపోయిన వాళ్లలో ఎక్కువ మంది ముస్లిం కుటుంబాల వారే.

2024 సెప్టెంబర్ 1న మన జిల్లా వంతు వచ్చింది. మరిపెడ మండలం సీతారాం తండాను ఆకేరు ముంచింది. పురుషోత్తమాయగూడెం దగ్గర కారుతో సహా తండ్రీకూతుళ్లు కొట్టుకుపోయారు. కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింద కంకర, మట్టి కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. 2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుపాను ఆంధ్రాలో నర్సాపురం దగ్గర తీరం దాటింది. మరుసటి రోజు డోర్నకల్ స్టేషన్‌లో పట్టాల మీద నీళ్లు నిలిచి రైళ్లు ఆగిపోయాయి, వరంగల్ కాలనీలు మునిగాయి, హనుమకొండ జిల్లా భీమదేవరపల్లిలో ఒక్క రోజులో 40 సెంటీమీటర్లకు పైగా వాన పడింది.

అంటే తుపాను తీరం దాటిందన్న వార్త మనకు ముగింపు కాదు. మన కథ అక్కడే మొదలవుతుంది. మరి అలాంటి రాత్రి ఇంట్లోనే ఉండాలా, సామాను సర్దుకొని వెళ్లిపోవాలా? ఇది ఎలా తేల్చుకోవాలో చూద్దాం.

గాలికి దాక్కోవచ్చు, నీటికి దాక్కోలేం

అమెరికాలో హరికేన్ వస్తుందంటే జనం కిటికీలకు చెక్కలు కొట్టుకోవడం వీడియోల్లో చూస్తుంటాం. అది గాలి కోసం. గట్టి ఇల్లయితే, సముద్రానికి దూరంగా ఉంటే లోపలే ఉండొచ్చు. నీళ్లు వచ్చే చోట మాత్రం అక్కడ కూడా ఖాళీ చేయమనే చెబుతారు. అక్కడి నేషనల్ హరికేన్ సెంటర్ లెక్క ప్రకారం 1963 నుంచి 2012 వరకు తుపానుల వల్ల నేరుగా పోయిన ప్రాణాల్లో దాదాపు 90 శాతం నీటి వల్ల పోయినవే. మన దగ్గర 1977 నవంబర్ దివిసీమ ఉప్పెన కూడా నీటి కథే.

కురవి దాకా వచ్చేసరికి తుపాను గాలి చాలావరకు చచ్చిపోతుంది. మేఘం మాత్రం చావదు. సముద్రం నుంచి మోసుకొచ్చిన తేమంతా ఇక్కడ కుమ్మరిస్తుంది. కాబట్టి తలుపులకు చెక్కలు కొట్టడం మనకు పనికొచ్చే పని కాదు. వీధిలో నిలిచిన నీళ్లు గడప దాటకుండా ఇసుక బస్తాలు కొంత ఆపుతాయి. వాగు మీదికొస్తే ఏ బస్తా ఆపదు.

సెంటీమీటర్ అంటే ఎన్ని ట్యాంకర్లు?

వాతావరణ శాఖ రంగులు చాలామంది చూస్తారు, అర్థం పట్టించుకోరు. పసుపు అంటే కనిపెట్టుకొని ఉండండి. ఆరెంజ్ అంటే సిద్ధంగా ఉండండి. రెడ్ అంటే ఇక కదలండి, పని చేయండి అని. ఒక్క రోజులో 6.5 సెంటీమీటర్లు దాటితే భారీ వర్షం, 11.5 దాటితే అతి భారీ, 20.5 చేరితే అత్యంత భారీ వర్షం కింద లెక్క.

20 సెంటీమీటర్లు అంటే జానెడు లోతే కదా అనిపిస్తుంది. లెక్క వేయండి. ఎకరం మీద ఒక్క సెంటీమీటర్ వాన పడితే దాదాపు 40 వేల లీటర్లు. 20 సెంటీమీటర్లయితే 8 లక్షల లీటర్లు, అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు 160. ఇది ఒక్క ఎకరానికి. ఒక చదరపు కిలోమీటర్‌కు 20 కోట్ల లీటర్లు. ఆకేరు, మున్నేరు ఇలాంటి వందల చదరపు కిలోమీటర్ల నీళ్లను తెస్తాయి. 2023లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 64 సెంటీమీటర్లకు పైగా పడింది. ఏ వాగు తట్టుకుంటుంది?

ఇంకో మాట. మన ఊళ్లో వాన ఆగింది కదా అని ఊపిరి పీల్చుకోవద్దు. ఆకేరు వరంగల్ వైపు నుంచి వస్తుంది. పైన పడ్డ వాన మన దగ్గరికి చేరడానికి కొన్ని గంటలు పడుతుంది. మీ ఊళ్లో చుక్క లేకపోయినా వాగు పెరుగుతూ ఉండొచ్చు. పైనున్న చెరువులు మత్తడి దుంకుతున్నాయంటే అది మొదటి కబురు. ఒక చెరువు కట్ట తెగితే కింది చెరువు మీద భారం పడుతుంది, అది తెగితే దాని కిందిది. గొలుసుకట్టు చెరువులకు ఉన్న ఈ ప్రమాదం వల్లే నీళ్లు మెల్లగా కాకుండా ఒక్కసారిగా మీద పడతాయి.

ఈ రెండు వాగులూ ఖమ్మం దగ్గర తీర్థాల వద్ద కలుస్తాయి. ఖమ్మంలో మున్నేరుకు 16 అడుగుల దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక, 24 అడుగుల దగ్గర రెండోది. 2024 సెప్టెంబర్ 1న అది 36 అడుగులకు చేరింది.

నాలుగు ప్రశ్నలు వేసుకోండి

ఉండాలా, పోవాలా అనేది ధైర్యానికి సంబంధించిన విషయం కాదు. ఈ నాలుగింటికి జవాబులు చెప్పుకుంటే మీకే తేలిపోతుంది.

ఒకటి, ఇల్లు ఎక్కడుంది? వాగు ఒడ్డునో, చెరువు కట్ట కిందనో, పల్లపు వీధిలోనో ఉంటే వెళ్లిపోవాల్సిందే. "తాతల నుంచి ఇక్కడికి నీళ్లు రాలే" అనేది రుజువు కాదు. 2024లో మునిగిన చాలామంది కూడా అదే అన్నారు.

రెండు, ఇల్లు ఎలాంటిది? మట్టి గోడల పెంకుటిల్లు రెండు మూడు రోజులు నానితే నీళ్లు లోపలికి రాకున్నా కూలుతుంది. ఎత్తు మీద, పైకి మెట్లున్న స్లాబ్ ఇల్లయితే ఉండే ఆలోచన చేయొచ్చు. రేకుల ఇల్లు స్లాబ్ ఇంటితో సమానం కాదు, దాని పైకెక్కి రాత్రంతా కూర్చోలేరు.

మూడు, ఇంట్లో ఎవరున్నారు? నిండు చూలాలు, మంచం మీదున్న పెద్దవాళ్లు, డయాలసిస్‌కు వెళ్లేవాళ్లు, చంటిపిల్లలు ఉంటే అందరికంటే ముందు కదలాలి. ఇల్లు మునగకపోయినా దారి తెగితే 108 అంబులెన్సు వాళ్ల దగ్గరికి రాలేదు.

నాలుగు, ఇదే అసలు ప్రశ్న. బయటికెళ్లే దారిలో లోలెవల్ వంతెన ఉందా? చాలామంది నీళ్లు గడప దాకా వచ్చాక వెళ్దాం అనుకుంటారు. ఇల్లు ఎత్తు మీద, వంతెన పల్లంలో ఉంటుంది. ఇంటి కంటే ముందు దారి మునుగుతుంది. కాబట్టి మీ గడువు నీళ్లు ఇంటికి వచ్చే టైం కాదు, నీళ్లు దారి మీదికి వచ్చే టైం. రెడ్ అలర్ట్ ఉండి, దారిలో వాగు ఉంటే మగ్రిబ్ లోపే నిర్ణయం అయిపోవాలి. మోరంచపల్లి, సీతారాం తండా రెండూ రాత్రి వానకే చిక్కాయి. చీకట్లో నీటి లోతు తెలియదు, కరెంటు తీగలు కనపడవు.

దారి మునిగాక ఇక బయల్దేరొద్దు. పారే నీళ్లు అర అడుగు లోతున్నా మనిషిని పడేయగలవు. అడుగు నీటిలో చిన్న కారు తేలుతుంది. రెండడుగుల్లో చాలా బండ్లు కొట్టుకుపోతాయి. అప్పటికి మిగిలిన దారి పైకెక్కడమే.

గేదెలు, వడ్లు, పత్తి.. మనిషిని ఆపేది ఇవే

జనం ఎందుకు కదలరు? మొండితనం అనేస్తే సరిపోదు. పాకలో రెండు బర్రెలు, ఇంట్లో పది బస్తాల వడ్లు, అమ్మని పత్తి, కల్లంలో మిర్చి ఉంటాయి. ఏడాది సంపాదనంతా అక్కడే ఉంటే వదిలి ఎలా పోతారు? అందుకే దీన్ని లెక్కగానే చూద్దాం.

వెళ్లాక వరద రాలేదనుకోండి. ఆటో కిరాయి, ఒక రోజు కూలి, కొంత నవ్వులపాలు. నష్టం మొత్తం వందల్లో లేదా వేలల్లో తేలిపోతుంది. ఉన్నాక వరద వచ్చిందనుకోండి. ఆ నష్టానికి అంకె లేదు. 2024 సెప్టెంబర్ 2న ప్రభుత్వం చనిపోయిన వారి కుటుంబానికి 5 లక్షలు, పంట నష్టానికి ఎకరానికి 10 వేలు, పాడి పశువుకు 50 వేలు, మేకకు, గొర్రెకు 5 వేలు ప్రకటించింది. బర్రె పోతే ఎంతో కొంత వస్తుంది, ఇంకో బర్రెను కొనొచ్చు. మనిషిని కొనలేం.

ఇంకో సంగతి, పశువులను కాపాడాలంటే పక్కన కూర్చోనక్కర్లేదు. ముందే ఎత్తు స్థలానికి తోలండి. తోలే టైం లేకపోతే కనీసం తాడు విప్పేయండి. కట్టేసిన పశువు కట్టేసిన చోటే మునుగుతుంది. విడిచిన పశువు ఈదుకొని మిట్ట ఎక్కే అవకాశం ఉంది. పశువు చనిపోతే పశువైద్యుడి దగ్గర రాయించుకోండి, ఫొటో తీసుకోండి. పంట విషయంలో 33 శాతం, ఆ పైన నష్టం జరిగితేనే పరిహారానికి లెక్కిస్తారు కాబట్టి వ్యవసాయ అధికారి వచ్చే సర్వేలో మీ పేరు ఉందో లేదో చూసుకోండి.

బండి ఉన్నవాళ్లకు ఒక ముచ్చట. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ మాత్రమే ఉంటే వరద నష్టానికి రూపాయి రాదు. ఫుల్ ఇన్సూరెన్స్ ఉన్నా, నీళ్లలో మునిగిన బండిని స్టార్ట్ చేసి ఇంజిన్ పాడైతే ఇంజిన్ కవర్ లేనివాళ్లకు చాలాసార్లు క్లెయిమ్ తిరస్కరిస్తారు. నీళ్లలో ఆగిన బండికి తాళం తిప్పకండి. ఇంటికి 'భారత్ గృహ రక్ష' పాలసీ ఉంటే వరద కూడా అందులో కవర్ అవుతుంది.

వెళ్లే ముందు అరగంట పని

ఆధార్, పట్టాదారు పాస్‌బుక్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం, నిఖానామా, పిల్లల సర్టిఫికెట్లు ఒకే ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి ముడి వేయండి. అన్నింటికీ ఫోన్‌లో ఫొటో తీసి బంధువులకు పంపండి. మందులు, చార్జర్, టార్చి, తాగే నీళ్లు తీసుకోండి. మెయిన్ ఆఫ్ చేయండి, సిలిండర్ కట్టేయండి. వడ్లు, బియ్యం సజ్జ మీదికి ఎక్కించండి. పురుగు మందు డబ్బాలు కూడా పైన పెట్టండి, అవి నీళ్లలో కలిస్తే బావి పాడవుతుంది.

ఇంట్లో ఉండిపోయేవాళ్లకూ ఇదే పని. అదనంగా రెండు రోజుల నీళ్లు, తిండి పై అంతస్తులో ఉండాలి. ఫోన్ బ్యాటరీ వీడియోలకు ఖర్చు చేయొద్దు. అత్యవసర నంబర్ 112, జిల్లా కంట్రోల్ రూమ్ 1077.

తవక్కుల్ అంటే చేతులు కట్టుకు కూర్చోవడం కాదు

"అల్లాహ్ రాసింది తప్పదు, ఎక్కడుంటే ఏంటి?" అనే మాట మన ఇళ్లలో వినిపిస్తుంది. ఒంటెను ముందు కట్టేసి, ఆ తర్వాత అల్లాహ్ మీద భారం వేయమని ప్రవక్త (స) చెప్పిన సంగతి మనకు తెలిసిందే. ఊరు దాటడం కూడా ఒంటెను కట్టడం లాంటిదే.

జుమా ఉందని, దావత్ ఉందని వాగు దాటే సాహసం కూడా వద్దు. భారీ వాన ఉన్నప్పుడు ఇళ్లలోనే నమాజు చేసుకోమని అజాన్‌లో ప్రకటించడం హదీసుల్లో ఉన్న విషయమే. మస్జిద్ కమిటీలు రెండు పనులు చేయొచ్చు. పంచాయతీ నుంచి హెచ్చరిక రాగానే మైకులో తెలుగులో, ఉర్దూలో చెప్పడం ఒకటి. మస్జిద్‌కు పై అంతస్తు ఉంటే మతం చూడకుండా అందరికీ తలుపు తీసి పెట్టడం రెండోది. 2024లో ఖమ్మం ప్రకాశ్‌నగర్ వంతెన మీద 9 మంది చిక్కుకుంటే వాతావరణం బాగాలేక హెలికాప్టర్ రాలేకపోయింది. హర్యానాలోని మేవాత్ నుంచి బతుకుదెరువుకు వచ్చిన ఒక ముస్లిం డ్రైవర్ జేసీబీ తీసుకెళ్లి వాళ్లందర్నీ బయటికి తెచ్చాడు. ఆయన ధైర్యానికి సలాం. కానీ ప్రతి వంతెన దగ్గరా అలాంటి జేసీబీ, అలాంటి మనిషి ఉండరు.

ఈసారి రెడ్ అలర్ట్ వచ్చినప్పుడు పైన చెప్పిన నాలుగు ప్రశ్నలు ఇంట్లో అందరూ కూర్చొని ఒకసారి అనుకోండి. ఎవరింటికి వెళ్లాలో, ఏ దారిన వెళ్లాలో, బర్రెలను ఎవరు తోలాలో ఎండ ఉన్న రోజునే మాట్లాడి పెట్టుకోండి. వాన మొదలయ్యాక వాదించుకోవడానికి టైం ఉండదు.