ముహూర్తం షాటుకు ముందు మూతి మీద మచ్చ!

వెండితెర మీద క్లోజప్ పడిందంటే కథానాయిక పెదవి ఒక్కటే రెండు గజాలుంటుంది. ఆవగింజంత మచ్చ అక్కడ గుమ్మడికాయంత! అందుకేనేమో, ఈ మధ్య మేకప్ గదుల్లో "ఫిల్లర్" అన్న మాట వినిపించిన చోటే "కమిలింది" అన్న మాట కూడా గుసగుసగా వినిపిస్తోంది.

ఇది ఒక్క తారల గొడవే అయితే మనకెందుకు అనుకోవచ్చు. కానీ పెళ్ళికూతుళ్ళు, కాలేజీ అమ్మాయిలు, ఆ మాటకొస్తే అబ్బాయిలు కూడా స్కిన్ క్లినిక్కుల మెట్లెక్కుతున్న రోజులివి. రిసెప్షన్ ఆదివారం పెట్టుకుని గురువారం సూది పొడిపించుకుంటే ఏమవుతుందో ముందే తెలుసుకోవడం మంచిది కదా!

ఇంతకీ ఈ ఫిల్లర్ ఏమిటి?

పెదవులు నిండుగా కనిపించాలన్నా, కళ్ళ కింద గుంటలు పూడాలన్నా చర్మం లోపలికి ఎక్కించే జెల్ ఇది. 1981లో అమెరికాలో ఆవు చర్మం నుంచి తీసిన కొలాజెన్‌కు అనుమతి దొరికింది. 2003 డిసెంబరులో హైలురానిక్ యాసిడ్‌తో చేసిన రెస్టిలేన్‌కు అక్కడ అనుమతి దొరికింది. ఈ యాసిడ్ పేరు చూసి జడుసుకోకండి, మన చర్మంలో సహజంగా ఉండేదే! ఇవాళ ఎక్కువగా వాడుతున్నది ఈ రకమే.

దాపరికం లేకుండా చెప్పిన తారలూ ఉన్నారు. పెదవులకు ఫిల్లర్ వేయించుకున్నానని అమెరికా టీవీ తార కైలీ జెన్నర్ 2015లో ఒప్పుకుంది. ప్లాస్టిక్ సర్జరీ చేయించుకున్న మాట నిజమే, అందుకు సిగ్గుపడటం లేదని మన 'గబ్బర్ సింగ్' నాయిక శృతి హాసన్ 2020లో చెప్పేసింది. 2025లో ఉర్ఫీ జావేద్ అయితే పెదవుల ఫిల్లర్ కరిగించుకున్నప్పుడు వాచిపోయిన ముఖాన్ని వీడియో తీసి మరీ చూపించింది. మిగతావాళ్ళు చూపించేది ముందు ఫోటో, తర్వాత ఫోటో. నడుమ గడిచిన ఆ వారం రోజుల ఫోటో మాత్రం ఎవరి ఆల్బంలోనూ ఉండదు!

కమిలేది ఎందుకు?

ముఖం నిండా సన్నని రక్తనాళాలు అల్లుకుని ఉంటాయి. సూది వాటిలో దేన్ని తాకినా రక్తం బయటికి ఊరి చర్మం కింద నిలుస్తుంది. అదే మచ్చ. పెదవుల దగ్గరా, కళ్ళ కిందా ఎక్కువగా వస్తుంది. మొదట ఎర్రగా, తర్వాత ఊదాగా, ఆపైన ఆకుపచ్చగా, చివరికి పసుపుగా మారి మాయమవుతుంది. ఆ రంగులు చూసి కంగారు పడొద్దు. ఒళ్ళు తన పని తాను చేసుకుపోతోందని అర్థం. మామూలుగా వారం, పది రోజులు. ఒక్కోసారి రెండు వారాలు.

కనుక మొట్టమొదటి మందు క్యాలెండర్! పెళ్ళయినా, ఫోటో షూటయినా కనీసం రెండు వారాల ముందే పని ముగించాలి. నాలుగు వారాలుంటే ఇంకా నిశ్చింత.

సూదికి ముందు...

రక్తాన్ని పలచబరిచే మాత్రలు మచ్చను పెంచుతాయి. తలనొప్పికి వేసుకునే ఆస్పిరిన్, ఒళ్ళు నొప్పులకు మింగే ఇబూప్రొఫెన్, అందం కోసం తీసుకునే విటమిన్ ఇ, చేపనూనె గొట్టాలు, వెల్లుల్లి మాత్రలు, జింకో... వీటిని వారం ముందు నుంచే మానమని డాక్టర్లు చెబుతారు. పప్పు పోపులో వేసే నాలుగు వెల్లుల్లి రేకులకు భయపడనక్కర్లేదు లెండి! నొప్పికి పారాసిటమాల్ వేసుకోవచ్చు. ముందురోజు పార్టీలో మందు గ్లాసు జోలికి పోవద్దు.

ఒక్క హెచ్చరిక. గుండె జబ్బుకో, పక్షవాతానికో డాక్టరు రాసిచ్చిన ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటివాటిని సొంతంగా ఆపకండి. మచ్చ పదిరోజుల్లో పోతుంది, గుండెపోటు అలా పోదు!

సూది తర్వాత...

శుభ్రమైన బట్టలో ఐసు ముక్కలు చుట్టి పది నిమిషాల చొప్పున, మధ్యమధ్య విరామమిస్తూ ఆనించాలి. ఐసును నేరుగా చర్మానికి తగిలించకూడదు, గట్టిగా నొక్కకూడదు. నొక్కితే జెల్ పక్కకు జరగొచ్చు. రెండు రోజులపాటు జిమ్ము, డాన్సు ప్రాక్టీసు, ఆవిరి స్నానం, సలసల కాగే నీళ్ళు బంద్! ఒళ్ళు వేడెక్కితే రక్తం జోరెక్కుతుంది. రాత్రి తల కింద ఇంకో దిండు వేసుకోండి. ఎండలోకి వెళితే సన్‌స్క్రీన్ రాసుకోండి. మన చామనఛాయ చర్మం మీద కమిలిన చోట నల్లటి ఛాయ మిగిలిపోయే అవకాశం ఎక్కువ మరి.

ఆర్నికా పూత, అనాసపండు నుంచి తీసే బ్రొమెలైన్ మాత్రలు అద్భుతాలు చేస్తాయని ప్రచారం. కొన్ని పరీక్షల్లో ఫలితం కనిపించింది, కొన్నిటిలో లేదు. డాక్టర్నడిగి వాడుకోవచ్చు గానీ, వాటి మీద కాల్షీట్లు ఇవ్వొద్దు! మరీ తొందరైతే పల్స్‌డ్ డై లేజర్ అనే చికిత్స మచ్చను త్వరగా పలచబరుస్తుంది.

మేకప్ కనీసం ఒక రోజు ఆగాక వేసుకుంటే మేలు. సూది రంధ్రాలు మూసుకోవాలిగా! ఆ తర్వాత మేకప్‌మెన్ పాత కిటుకు ఉండనే ఉంది. ఎరుపు మీద ఆకుపచ్చ, ఊదా మీద పసుపు, నీలం మీద నారింజ పూసి, పైన ఒంటిరంగు అద్దితే సరి.

ఇది మచ్చ కాదు, ప్రమాదం!

ఇప్పుడు అసలు సంగతి. కమిలినట్టు కనిపించేదల్లా కమిలిన మచ్చ కాదు. ఎప్పుడో ఒకసారి ఫిల్లర్ రక్తనాళంలోకే వెళ్ళి దారి మూసేస్తుంది. అప్పుడు ఆ నాళం మీద ఆధారపడ్డ చర్మానికి రక్తం అందదు. చర్మం తెల్లగా పాలిపోతుంది, లేదా వల పరిచినట్టు నీలి చారలు తేలతాయి. రంగు సూది గుచ్చని చోటికీ పాకుతుంది. నొప్పి తగ్గాల్సింది పోయి పెరుగుతుంది. చాలా ఫిల్లర్లలో మత్తుమందు కలిసి ఉంటుంది గనుక మొదట్లో నొప్పి తెలియకపోవచ్చు కూడా. రెండో వైపుతో పోల్చి చూసుకోండి. వేలితో మెల్లగా నొక్కి వదిలితే రంగు వెంటనే తిరిగి రావాలి. రాలేదా... ఐసు పెట్టుకుని, మేకప్ పూసుకుని తెల్లవారేదాకా కూర్చోకండి. అర్ధరాత్రయినా డాక్టరుకు ఫోన్ చేయండి. చూపు మసకబారినా, కన్ను నొప్పి పెట్టినా, రెప్ప వాలిపోయినా ఒక్క నిమిషం ఆగకుండా పెద్దాసుపత్రికి పరుగెత్తాలి.

హైలురానిక్ రకం ఫిల్లర్‌కు విరుగుడు ఉంది. పేరు హైలురోనిడేస్. సమయానికి ఇస్తే జెల్ కరిగి దారి తెరుచుకుంటుంది. ఆలస్యమైతే ఆ చర్మం చచ్చిపోతుంది. ఇక్కడ లెక్క గంటల్లోనే!

అందుకే సూదికి ముందే మూడు ప్రశ్నలు వేయండి. "మీరు చర్మవైద్యులో, ప్లాస్టిక్ సర్జనో అవునా? నాకు వేసే ఫిల్లర్ పేరేమిటి? హైలురోనిడేస్ ఇక్కడ సిద్ధంగా ఉందా?" మూడో ప్రశ్నకు నీళ్ళు నమిలారంటే చెప్పులు తొడుక్కుని బయటికి నడవండి. బ్యూటీ పార్లరులో చవగ్గా చేస్తామన్నా, సూదే లేని పెన్నుతో ఎక్కిస్తామన్నా నమ్మకండి. ఆ పెన్నులు వాడొద్దని అమెరికా ఎఫ్.డి.ఏ. 2021లోనే హెచ్చరించింది.

నిండు పెదవులు కావాలో వద్దో తేల్చుకోవలసింది మీరే. వేయించుకున్నా, మానుకున్నా మీ అభిమాన తార ఫోటో చూసి కాదు, మీ క్యాలెండరూ, మీ డాక్టరు జవాబూ చూసి తేల్చుకోండి. తారకు టచప్ చేయడానికి పక్కనే మనిషుంటాడు. మన ముఖానికి మనమే దిక్కు!