పసుపు, హరిద్ర, కుర్కుమ

నిజామాబాదు జిల్లా ఆర్మూరులో పసుపు చేతికివచ్చు దినములలో మేమొక పరిశోధక విద్యార్థితో కల్లములు చూడబోతిమి. ఉడికించి ఎండబెట్టిన కొమ్ములొకచోట, గుండ్రని గోళలొకచోట రాశులుపోసియుండెను. ఆ విద్యార్థి తన వ్రాతప్రతిలో లిన్నేయసు 1753లో ప్రకటించిన 'కుర్కుమా లొంగా' అను లాటిను నామమును ఉదాహరించి, దాని ప్రక్కన తెలుగు 'లొంగు' ధాతువును చేర్చియుండెను. 'లొంగా' యనగా పొడవైనదని అర్థము, స్త్రీలింగ విశేషణము. మన లొంగుటతో దానికి పనిలేదు. ఈ పొరపాటునకు నవ్వవచ్చును గాని, ఇంతకంటె పెద్దదానిని మేమును పెక్కేండ్లు తరగతిలో బోధించితిమి. దానిని సవరించుకొనుటకే ఈ వ్యాసము.

'కుర్కుమా' లాటిను సొంతమాట కాదు; అరబ్బీ 'కుర్కుమ్' నుండి ఎరువు వచ్చినది. అరబ్బీలో ఆ మాట కుంకుమపువ్వునకును చెల్లినది, పసుపునకును చెల్లినది. సంస్కృత 'కుంకుమ' శబ్దముతో దీనికి సంబంధము గలదని కొందఱందురు, అందఱును ఒప్పరు. కాని అర్థపరిణామము మాత్రము విచిత్రమైనది. సంస్కృతమున కుంకుమ మనగా కాశ్మీరపు పూవుకేసరము. తెలుగింట కుంకుమ యనగా పసుపును సున్నము మొదలగువానితో ఎఱ్ఱబఱచిన పొడి; అసలు వస్తువునకు 'పువ్వు' చేర్చి కుంకుమపువ్వనవలసి వచ్చినది. పూవుపేరు దుంపకు దిగుట అచటను జరిగినది, ఇచటను జరిగినది.

'హరిద్ర' సంగతి వేఱు. ఇది 'హరి' శబ్దమునకు చెందినది. హరితము, హిరణ్యము దీని తోబుట్టువులు. లాటినున తేనెవన్నె పసుపునకు 'హెల్వుస్', ఆకుకూరకు 'హొలుస్' అను పదములు గలవు. ఇవి ఎరువులు కావు, జ్ఞాతులు. పోలికచేత కాదు, ధ్వనినియమముచేత ఈ మాట చెప్పుచున్నాము. సంస్కృత హకారమునకు లాటిను హకారము హిమ–హియెమ్స్, వహతి–వెహిత్ అను జంటలయందును కనబడును. లాటిను లకారమునకు సంస్కృతమున రేఫ వచ్చుటకు రుచ్–లూక్స్ సాక్ష్యము. ఆకుపచ్చ, పసుపువన్నె, బంగారము, కూర: ఒక్క ధాతువు ఇన్నింటికి వ్యాపించినది.

ఇక తెలుగు చూడుడు. పచ్చ, పచ్చి, పసరు, పసిమి, పసిడి, పైడి, పైరు, పసుపు. అదే ఆకుపచ్చ, అదే బంగారము, అదే చేలోని పంట! ఈ సామ్యమును చూచియే మేము 'పసిడి' యందలి స్వర్ణార్థము హరి–హిరణ్యములకు అనుకరణమని, సంస్కృత పండితుల చేతిలో ఏర్పడినదని బోధించితిమి. ఇది నిలువదు. తమిళమున 'పసు' పచ్చదనము, 'పసుంపొన్' మేలిమి బంగారము, 'పయిర్' పైరు. కన్నడమున 'పసిర్' నేటి 'హసిరు'. బరో, ఎమెనోల ద్రావిడ నిఘంటువు ఈ పదములన్నింటిని ఒక్క ఆరోపమున చేర్చినది. తెలుగు తన కుటుంబమునుండి వారసత్వముగా పొందినదానిని మేము పొరుగువారి సొమ్మంటిమి. కన్నడమువారు దుంపకు హరిద్రనే 'అరిసిన' గావించుకొనిరి, తమిళులు 'మంజళ్' అందురు. పచ్చ ధాతువునుండి దుంపకు పేరిడినది తెలుగు.

కనుక కుర్కుమా ఎరువు, హరిద్ర–హెల్వుస్ చుట్టఱికము, పసుపు–హరిద్ర కేవలము సామ్యము. పండుటాకును, లేతచిగురును ఒక కంటితో చూచినవారందఱికి ఇట్టి పేరు తోచవచ్చును. దానికి గురుశిష్యత అవసరములేదు. మా పాత పాఠములు వ్రాసికొన్న విద్యార్థులు ఆ పుటను కొట్టివేయవలెనని కోరుచున్నాము.

తిరిగివచ్చునపుడు ఒక రైతు, అప్పుడే త్రవ్వి ఇంకను ఉడికింపని దుంపలను చూపి 'పచ్చిపసుపు' అనెను. ఒకే ధాతువు రెండుమార్లు, రెండర్థములతో, ఒక్క సమాసమున. మా విద్యార్థి లొంగును కొట్టివేసి దీనిని వ్రాసికొనెను.