పసికంటిలో తెల్లని మెరుపు: ఊరూరా చేరాల్సిన హెచ్చరిక

అయిదేళ్లలోపు పిల్లల కంటికి సోకే ‘రెటినోబ్లాస్టోమా’ అనే అరుదైన కేన్సర్‌ను అనుమానించడానికి ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. బిడ్డ కంటిపాపలో తెల్లని మెరుపు కనిపిస్తే ఆ వారంలోనే కంటి వైద్యుడికి చూపించాలన్న సంగతి ఇంట్లోవారికి తెలిసి ఉంటే చాలు. ఈ మాటను జనంలోకి తీసుకువెళ్లేందుకే హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ‘వైటథాన్’ పేరిట పరుగు, నడక నిర్వహిస్తూ వస్తోంది. తెలుపు అనే అర్థమిచ్చే ‘వైట్’ను మారథాన్‌కు జోడించగా ఏర్పడిన పేరిది. ఏటా మే రెండో వారంలో పలు దేశాలు పాటించే రెటినోబ్లాస్టోమా అవగాహన వారోత్సవం ఈ పరుగుకు నేపథ్యం.

ఒంటికాలి పరుగుతో నాంది

అరుదైన కేన్సర్ల కోసం జనం వీధుల్లోకి రావడం కొత్త కాదు. కెనడా యువకుడు టెర్రీ ఫాక్స్‌కు 1977లో ఎముక కేన్సర్ సోకగా, వైద్యులు కుడికాలిని మోకాలి పైభాగాన తొలగించారు. పరిశోధనలకు నిధులు సేకరించే లక్ష్యంతో 1980 ఏప్రిల్ 12న ఆయన కృత్రిమ కాలితో దేశం పొడవునా పరుగు ప్రారంభించారు. 143 రోజుల్లో 5,373 కిలోమీటర్లు పూర్తిచేశాక వ్యాధి ఊపిరితిత్తులకు పాకడంతో ఆగిపోవలసి వచ్చింది. 1981 జూన్‌లో, 22 ఏళ్ల ప్రాయంలో ఆయన కన్నుమూశారు. అదే ఏడాది సెప్టెంబరులో ఆయన పేరిట మొదలైన సామూహిక పరుగు తర్వాత అనేక దేశాలకు విస్తరించింది.

అమెరికాలో 2007లో ఆరంభమైన ‘సైకిల్ ఫర్ సర్వైవల్’దీ ఇదే బాట. అక్కడ వందలాదిమంది ఒకేచోట స్థిరమైన సైకిళ్లపై వంతులవారీగా తొక్కుతూ విరాళాలు సేకరిస్తారు. ఆ సొమ్ము న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ కేన్సర్ కేంద్రంలో అరుదైన కేన్సర్ల పరిశోధనకు వెళుతుంది. రోగుల సంఖ్య తక్కువైన వ్యాధిపై పెట్టుబడికి కంపెనీలు సులభంగా ముందుకు రావు. ఆ లోటును కొంతైనా పూడ్చడం ఇలాంటి కార్యక్రమాల ఉద్దేశం.

రెటినోబ్లాస్టోమా విషయంలో మాత్రం పరిస్థితి కొంత భిన్నం. ఈ వ్యాధికి చికిత్స ఉంది. సకాలంలో ఆస్పత్రికి చేరిన పిల్లల్లో అత్యధికులు బతుకుతున్నారు. ఇక్కడ ముందుగా తీరవలసిన కొరత సమాచారానిదే.

నెలల తేడాలో ప్రాణం

ప్రపంచవ్యాప్తంగా ఏటా ఎనిమిది వేలకు పైగా పిల్లలు ఈ వ్యాధి బారిన పడుతున్నారని అంచనా. వారిలో 1,500 నుంచి 2,000 మంది భారతీయులే. 2017లో వ్యాధి నిర్ధారణ అయిన 4,351 మంది పిల్లల వివరాలను 153 దేశాల నుంచి సేకరించి పరిశోధకులు 2020లో ప్రకటించారు. సంపన్న దేశాల్లో వ్యాధిని గుర్తించేనాటికి పిల్లల మధ్యస్థ వయసు 14.1 నెలలు కాగా, నిరుపేద దేశాల్లో అది 30.5 నెలలు. అప్పటికే కణితి కంటిని దాటి వెలుపలికి వ్యాపించిన కేసులు సంపన్న దేశాల్లో 1.5 శాతమే. నిరుపేద దేశాల్లో అవి 49.1 శాతం.

ఆ పిల్లల్లో మూడేళ్ల తర్వాత ఎందరు బతికి ఉన్నారన్న లెక్కలు 2022లో వెలువడ్డాయి. సంపన్న దేశాల్లో 99.5 శాతం మంది జీవించి ఉండగా, భారత్ ఉన్న దిగువ మధ్యాదాయ దేశాల వర్గంలో ఇది 80.3 శాతం, నిరుపేద దేశాల్లో 57.3 శాతం. వ్యాధి ఒకటే అయినా ఆస్పత్రి గడప తొక్కేసరికి గడిచిపోయిన నెలలు బిడ్డ భవితను మార్చేస్తున్నాయి.

‘పిల్లి కన్ను’ను తేలిగ్గా తీసుకోరాదు

కంటి వెనుక ఉండే రెటీనా పొరలో ఈ కణితి పుడుతుంది. దానిపై పడిన వెలుతురు తెల్లగా తిరిగి కనిపించడంతో చీకట్లో పిల్లి కన్ను మెరిసినట్లు అనిపిస్తుంది. ఫ్లాష్‌తో తీసిన ఫొటోలో ఒక కన్ను ఎర్రగా, రెండోది తెల్లగా కనిపించడం ఒక ముఖ్యమైన సూచన. మెల్లకన్ను రావడం మరో లక్షణం. మెల్లకన్ను అదృష్టమని పెద్దలు మురిసిపోయే ఇళ్లలో విలువైన కాలం ఇలాగే కరిగిపోతుంది. కంటిలో నొప్పి లేకపోవడం, బిడ్డ హుషారుగా ఆడుకోవడం కూడా ఉదాసీనతకు కారణమవుతాయి. తెల్లని మెరుపు ప్రతిసారీ కేన్సర్ కాకపోవచ్చు. పుట్టుకతో వచ్చే శుక్లం వంటివీ కారణం కావచ్చు. అయితే వాటికీ సత్వర చికిత్స అవసరమే.

దాదాపు 40 శాతం కేసుల్లో ఆర్‌బీ1 అనే జన్యువులోని లోపం శరీరంలోని కణాలన్నింటిలో ఉంటుంది. అందువల్ల ఒక బిడ్డకు వ్యాధి వస్తే తోబుట్టువుల కళ్లనూ పరీక్షించడం తప్పనిసరి.

తొలిదశలో లేజర్, అతిశీతల చికిత్స, కీమోథెరపీలతో కంటిని, కొంతవరకు చూపును నిలబెట్టవచ్చు. కంటిపై అమర్చే రేడియోధార్మిక బిళ్లలను గతంలో దిగుమతి చేసుకోవలసి వచ్చేది. భాభా అణు పరిశోధన కేంద్రం అణు వ్యర్థాల నుంచి వేరుచేసిన రుథీనియం-106తో వాటిని దేశీయంగా రూపొందించగా, 2020లో ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు వినియోగించారు. వ్యాధి ముదిరితే మాత్రం ప్రాణం కాపాడేందుకు కన్నునే తొలగించవలసి వస్తుంది. అప్పుడు కృత్రిమ నేత్రమే శరణ్యం. ‘కన్ను తీసేస్తారట’ అన్న భయంతో చికిత్స మధ్యలో మానేస్తే కణితి మెదడుకు పాకే ప్రమాదం ఉంది.

నగరం దాటాల్సిన నడక

నగర వీధుల్లో ఉదయం వేళ సాగే పరుగు, పత్రికల్లో ఫొటోలతో కొందరి దృష్టికైనా వస్తుంది. చికిత్స పొంది కోలుకున్న పిల్లలు అందులో పాల్గొంటే, భయపడుతున్న తల్లిదండ్రులకు అంతకుమించిన ధైర్యం లేదు. కానీ ఆలస్యం ఎక్కువగా జరిగేది పెద్దాస్పత్రికి దూరంగా ఉన్న పల్లెల్లో, కూలి మానుకుని పట్నం రాలేని కుటుంబాల్లో. పరుగు ప్రచారం ఒక్కటే అంతదూరం చేరలేదు.

చేరే మార్గాలు ఇప్పటికే ఉన్నాయి. ఇంటివద్దే శిశు సంరక్షణ పథకం కింద ఆశా కార్యకర్తలు 3, 6, 9, 12, 15 నెలల వయసులో బిడ్డలను చూడాలి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీ పిల్లలను ఏడాదికి రెండుసార్లు పరీక్షించాలి. ఈ వ్యాధి బయటపడే వయసూ దాదాపు ఇదే. ఆ సందర్భాల్లో కంటిపాప తెల్లగా ఉందా, మెల్ల ఉందా అని తల్లిని అడిగి, అనుమానం ఉంటే వెంటనే పెద్దాస్పత్రికి పంపడానికి అదనంగా పట్టేది కొద్ది నిమిషాలే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ప్రారంభించిన బాలల కేన్సర్ కార్యక్రమంలో ప్రాధాన్యమిచ్చిన ఆరు కేన్సర్లలో రెటినోబ్లాస్టోమా ఒకటి. 2030 నాటికి కేన్సర్ సోకిన పిల్లల్లో కనీసం 60 శాతం మందిని బతికించడం ఆ కార్యక్రమ లక్ష్యం. ఈ ఒక్క కేన్సర్ విషయంలో భారత్ అంతకంటే చాలా ఎత్తున లక్ష్యాన్ని పెట్టుకోవచ్చు. అందుకు కావలసిన వైద్యం దేశంలో ఉంది. బిడ్డ ఆ వైద్యం దగ్గరకు సకాలంలో చేరడమే మిగిలింది.