ఒక జట్టు పునర్జన్మము

ఫుట్‌బాల్ అనగానే మనకు కాలితో తన్ను గుండ్రని బంతి స్ఫురించును. అమెరికావారు ఆ పేరుతో పిలుచునది వేరొక ఆట. కోడిగ్రుడ్డువలె కోలగానుండు బంతిని చేతబట్టుకొని పరుగెత్తుటయు, తోడివానికి విసరుటయు, ఎదుటివారిని దేహబలముతో నిలువరించుటయు అందు ముఖ్యములు. విశాలమైన మైదానమున జట్టునకు 11 మంది చొప్పున ఆడు ఈ ఆట నాలుగు గోడల నడుమకు వచ్చిన విధమును, అట్లు ఏర్పడిన జట్టులలో ఒకటి అంతరించి మరల లేచిన వైనమును ఇచట తెలుపదలచితిమి.

1981లో న్యూయార్కులోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్ అను క్రీడాశాలలో జిమ్ ఫాస్టర్ అను నతడు ఒక సాకర్ పోటీని చూచుచుండెను. మనము ఫుట్‌బాల్ అను ఆటకే అమెరికాలో సాకర్ అని పేరు. దానిని కప్పుక్రిందికి తేగలిగినప్పుడు తమ ఫుట్‌బాల్‌ను ఏల తేరాదని అతనికి తోచెను. చేతనున్న కవరుమీదనే క్రీడారంగమును గీసి చూచుకొనెను. ఆ ఊహయే 1987లో అరీనా ఫుట్‌బాల్ లీగ్ అయినది. రంగము పొడవు 100 గజములకు బదులు 50 గజములు. వెడల్పు 85 అడుగులు. జట్టునకు 8 మంది. అంచుల వెంబడి మెత్తలు అమర్చిన అడ్డుగోడలుండును. గోలుస్తంభముల కిరుప్రక్కల బిగువైన వలలు కట్టుదురు. గురితప్పి వలకు తగిలిన బంతి వెనుకకు ఎగిరివచ్చును, ఆట ఆగదు. చోటు కొంచెమగుటచే బంతి విసరువాడు క్షణములో నిశ్చయించుకొనవలెను. పాయింట్లు విరివిగా వచ్చును.

1995లో అయోవా రాష్ట్ర రాజధానియైన డిమోయిన్ నగరమున బార్న్‌స్టార్మర్స్ అను జట్టు ఏర్పడెను. దానిని నెలకొల్పుటలో ఫాస్టరే ముందు నిలిచెను. పూర్వము ఊరూర తిరిగి విమానములతో సాహసవిన్యాసములు చూపిన వైమానికులకు బార్న్‌స్టార్మర్లని పేరు. పేరుపొందిన పెద్ద వృత్తిజట్టు ఒక్కటియు లేని ఆ రాష్ట్రమునకు ఈ జట్టు తనదైనది.

ఇట్టి జట్టువలన ప్రయోజనమేమని అడుగువారికి కర్ట్ వార్నర్ చరిత్రయే సమాధానము. 1994లో గ్రీన్‌బే పాకర్స్ వారు అతనిని శిక్షణ శిబిరమునుండియే పంపివేసిరి. పిదప అతడు సీడర్ ఫాల్స్ పట్టణమున ఒక అంగడిలో గంటకు అయిదున్నర డాలర్ల కూలికి అరలలో సరుకులు సర్దెను. 1995 మొదలు 1997 వరకు మూడేండ్లు బార్న్‌స్టార్మర్లకు ఆడి, ఇరుకు రంగమున వేగముగా విసరుట నేర్చెను. 2000 జనవరిలో అమెరికా ఫుట్‌బాల్‌లో అత్యున్నతమైన సూపర్ బౌల్ పోటీని సెయింట్ లూయీ రామ్స్ జట్టు గెలిచినప్పుడు, ఉత్తమ క్రీడాకారుడుగా ఎన్నికైనవాడు అతడే. పెద్దవాకిలి మూసికొన్నవారికి ఇట్టి జట్టులు చిన్నవాకిలి.

కాని వృత్తిజట్టు యజమాని సొత్తు. ప్రేక్షకుడు దానిని నాదనుకొనును గాని, దాని మకాము మార్చు హక్కు అతనికి లేదు. 2000 సంవత్సరపు పోటీలు ముగియగానే ఆ జట్టు న్యూయార్కు ప్రాంతమునకు తరలిపోయి డ్రాగన్స్ అను కొత్తపేరు తాల్చెను. పాతపేరు మాత్రము అయోవాలోనే మిగిలెను. 2001లో చిన్నస్థాయి లీగులో ఆ పేరుతో ఒక జట్టు ఒక్క సంవత్సరము ఆడి ఆగిపోయెను.

2008లో జరిగిన పునరుద్ధరణము వేరువిధమైనది. అప్పటికి నగరమున 2005లో తెరచిన పెద్ద క్రీడాశాల కలదు. మొదటి దినములలో జట్టును నడిపిన శిక్షకుడు జాన్ గ్రెగరీ తిరిగివచ్చెను. జట్టు చిన్న లీగులోనే ఆరంభించెను. 2009లో పెద్ద లీగు పోటీలు నిలిచిపోయి, 2010లో లీగు మరల ఏర్పడగా అందులో చేరెను. 2015లో ఇండోర్ ఫుట్‌బాల్ లీగ్ అను వేరొక సంఘమునకు మారెను. అచట గోలుప్రక్కల వలలు లేవు. అనగా ఫాస్టరు ఊహలో ముఖ్యమైన అంశమునే ఆ జట్టు విడిచిపెట్టవలసివచ్చెను.

ఇక పునర్జన్మము పొందినదేది? ఆటగాండ్రు వారు కారు; శాల అది కాదు; లీగు మారెను; నియమములును కొన్ని మారెను. నాటకసమాజమున పాత్రధారులు తరతరమునకు మారినను సమాజము పేరు నిలుచునట్లు, ఇచటను పేరును, ఊరును, చూడవచ్చు జనమును నిలిచిరి. అయినను పేరొక్కటియే చాలునని తలంపరాదు. 2019లో దివాలా తీసిన అరీనా లీగు పేరును 2024లో కొందరు 16 జట్టులతో మరల నిలబెట్టగా, కొలది వారములలోనే పెక్కు జట్టులు తప్పుకొనెను. తగిన శాల, ఓర్పుగల యజమాని, ఎరిగిన శిక్షకుడు, ఏటేట టిక్కెట్టు కొను ప్రేక్షకుడు ఉన్నప్పుడే పేరు ప్రాణము పోసికొనును. మొదట చిన్నస్థాయికి ఒదిగియుండుటయు అవసరమే.

1996లో స్వస్థలముననే జరిగిన తుదిపోటీలో బార్న్‌స్టార్మర్లు టాంపాబే స్టార్మ్ చేతిలో 42–38తో ఓడిరి. 1997లో మరల తుదిపోటీకి చేరి మరల ఓడిరి. 2018 జూలైలో స్యూఫాల్స్ స్టార్మ్‌పై 69–68తో, ఒక్క పాయింటు తేడాతో, తొలిసారి విజేతలైరి. 1996లో ఆడినవారెవ్వరును ఆనాడు రంగమున లేరు. జట్టు ఊరు విడిచిపోయిన పిదప ఆ పేరును మరువనివారు ఉండుటచేతనే, ఇరువది రెండేండ్లనాటి ఆ లోటు తీరినదని చెప్పుకొనుటకు వీలు కలిగెను.