పాత బండికి ఊపిరి

మోటారు సైకిలు పెట్రోలు తాగి నడుస్తుందని అందరికీ తెలుసు. కాని అది ఊపిరి కూడా పీల్చుకుంటుందని మీకు తెలుసా? ఒట్టి పెట్రోలు మండదు, దానికి గాలి తోడు కావాలి. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండడానికి దాదాపు 15 గ్రాముల గాలి అవసరం. ఈ పాళ్లు కుదిర్చి, పెట్రోలును సన్నని తుంపరగా గాలిలో కలిపే చిన్న పరికరమే కార్బురేటరు. 1893లో హంగరీ దేశస్థులు దోనాత్ బాంకి, యానోష్ చోంకా ఇటువంటి దానికి పేటెంటు పొందారు. ఆ కాలంలోనే జర్మనీలో విల్‌హెల్మ్ మైబాఖ్ కూడా ఇదే తరహా పరికరం తయారుచేశాడు.

ఇది ఎట్లా పనిచేస్తుందో మీరే చూడవచ్చు. గ్లాసు నిండా నీళ్లు పోసి, అందులో ఒక పొట్టి గొట్టాన్ని నిలబెట్టండి. గొట్టం కొస నీటికి కొంచెం పైన ఉండాలి. ఇంకొక గొట్టంతో ఆ కొసకు అడ్డంగా గట్టిగా ఊదండి. నీళ్లు పైకెక్కి తుంపరలై చిమ్ముతాయి! ఎంచేతనంటే, మీరు ఊదినచోట గాలి ఒత్తిడి తగ్గింది. గ్లాసులోని నీటిమీద ఒత్తిడి మాత్రం తగ్గలేదు. అది నీటిని గొట్టంలోకి నెట్టింది. కార్బురేటరులో గాలి ఇరుకు దారి గుండా వేగంగా పోయేటప్పుడు జరిగేది కూడా ఇదే. ఇంజను గాలిని పీలుస్తుంది, కింది గిన్నెలోని పెట్రోలు జెట్టు అనే సన్నని రంధ్రం గుండా పైకి వస్తుంది.

ఇప్పుడు ఒక పాత బండి సంగతి చూద్దాం. జపాను యమహా కంపెనీ అనుమతితో మన దేశంలో ఎస్కార్ట్స్ కంపెనీ 1983లో రాజ్‌దూత్ 350 అనే మోటారు సైకిలును విడుదల చేసింది. దాని ఇంజను 347 ఘన సెంటీమీటర్లు. సిలిండర్లు రెండు, ఒక్కొక్కదానికి ఒక కార్బురేటరు. తయారీ ఏనాడో ఆగిపోయింది. కాని ఆ బండిని ప్రాణంలా చూసుకునేవాళ్లు ఈనాటికీ ఉన్నారు.

అటువంటి బండి కొన్నేళ్లు మూల పడి ఉందనుకోండి. గిన్నెలోని పెట్రోలు ఆవిరై, అడుగున జిగురు మిగులుతుంది. ఆ జిగురు జెట్లను మూసేస్తుంది. అప్పుడు మేస్త్రీ కార్బురేటర్లను విప్పవలసిందే.

మంచి మేస్త్రీ రెండింటి భాగాలూ కలవకుండా రెండు పళ్లాల్లో విడివిడిగా పెడతాడు. కుడిదాని భాగం ఎడమదానికి పోకూడదు. జెట్లను మందులో నానబెట్టి, గాలి కొట్టి శుభ్రం చేస్తాడు. తీగ పెట్టి పొడవడు. ఎందుకంటే రంధ్రం వెంట్రుకవాసి పెద్దదైనా పాళ్లు తప్పుతాయి. గట్టిపడిన రబ్బరు వాషర్లు తీసి కొత్తవి వేస్తాడు. గిన్నెలో తేలే ఫ్లోటు చిల్లు పడిందేమో చూస్తాడు. పెట్రోలు తగినంత నిండగానే ఫ్లోటు పైకి లేచి దారి మూస్తుంది. అది మునిగితే పెట్రోలు పొంగి కారుతుంది.

ఇక బిగింపు. గాలిదారిని తెరిచి మూసే స్లైడుకు ఒకవైపు అంచు కోసి ఉంటుంది. ఆ వైపు గాలి లోపలికి వచ్చే దిక్కుకు ఉండాలి. స్లైడు కింద వేలాడే సూదికి కొన్ని గాట్లు ఉంటాయి. రెండు సూదులకూ క్లిప్పు ఒకే గాటులో పెట్టాలి. ఇత్తడి జెట్లను బలంకొద్దీ బిగిస్తే మర చెడుతుంది.

అన్నిటికన్న ముఖ్యమైనది చివరి పని. జోడెద్దుల్లో ఒకటి లాగి, ఇంకొకటి వెనకబడితే బండి దారి తప్పుతుంది గదా! ఇక్కడా అంతే. పిడి తిప్పగానే రెండు స్లైడులూ ఒకే క్షణాన కదలాలి, ఒకే ఎత్తుకు లేవాలి. అది కుదిరేదాకా మేస్త్రీ కేబుళ్లను సవరిస్తూనే ఉంటాడు. ఇంజనుకు నూనె అందించే పంపు కూడా ఆ పిడితోనే కదులుతుంది గనక, దాన్నీ సరిచూస్తాడు.

ఇంత జాగ్రత్త ఎందుకంటారా? ఒక సిలిండరుకు పెట్రోలు తక్కువై, గాలి ఎక్కువైతే అది విపరీతంగా వేడెక్కుతుంది. పిస్టను ఉబ్బి సిలిండరులో బిగుసుకుంటుంది. మేస్త్రీలు దీన్నే ‘ఇంజను సీజయింది’ అంటారు. బండి వేగంగా పోతూండగా ఇట్లా జరిగితే వెనక చక్రం ఒక్కసారిగా ఆగిపోవచ్చు. నడిపేవాడి ప్రాణం మీదికి వస్తుంది. అందుకే కొంతదూరం నడిపాక మేస్త్రీ రెండు స్పార్కు ప్లగ్గులూ తీసి చూస్తాడు. మొన లేత గోధుమరంగులో ఉంటే పాళ్లు కుదిరినట్టే. తెల్లగా ఉంటే పెట్రోలు చాలలేదు. నల్లగా మసిపట్టి ఉంటే ఎక్కువైంది.

2020 ఏప్రిల్‌లో మన దేశంలో పొగ నిబంధనలు కట్టుదిట్టమయ్యాక, కొత్త మోటారు సైకిళ్లలో చాలావాటికి కార్బురేటరు పోయింది. పాళ్లు కుదిర్చే పని చిన్న కంప్యూటరుది అయింది. పాత బండికి మాత్రం ఈనాటికీ మేస్త్రీ కన్నూ, చెయ్యే ఆధారం.

మీ వీధిలో ఎవరైనా ఈ పని చేస్తూంటే దూరంగా నిలబడి చూడండి. పెట్రోలు ఆవిరి కంటికి కనపడకుండానే అంటుకుంటుంది గనక దగ్గరలో దీపంగాని, అగ్గిపుల్లగాని ఉండకూడదు. ప్లగ్గులు బయటికి తీసినప్పుడు వాటి రంగేమిటో మేస్త్రీకన్న ముందు మీరే చెప్పండి చూద్దాం!