చెవిలో వైరు, పక్కన మనిషి

అనంతపురం నుంచి కళ్యాణదుర్గం పోయే బస్సులో ఒకప్పుడు ఒకటే మాటల సందడి. "యాడికి పోతాండావు నాయనా?" అని ఒక అవ్వ అడిగేది. "మీ తట్టు వాన పడిందా?" అని ఒక రైతు అడిగేవాడు. "శనక్కాయలు ఏం ధర పలుకుతాండాయి?" అని ఇంకొకరు అందుకునేవారు. ముక్కూ మొగం తెలియనివాళ్లు కూడా దిగేలోపల తమ ఊరు, పంట, పిల్లల పెండ్లిళ్లు అన్నీ చెప్పుకునేవాళ్లు.

ఇప్పుడు అదే బస్సులో చాలామంది చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉంటాయి. కొందరివి వైరు ఉన్నవి. కొందరివి వైరు లేకుండా చెవిలో గింజలాగా ఇమిడిపోయేవి. ఒకరు పాట వింటారు. ఒకరు సినిమా చూస్తారు. ఒకరు దూరాన ఉన్న వాళ్లతో మాట్లాడతారు. పక్కన కూర్చున్న మనిషి ఏమైనా అడిగితే వినిపించదు.

"ఈ వైర్లు వచ్చి మనుషులను విడదీసినాయి" అంటారు పెద్దవాళ్లు. "మా పాట మేము వింటే ఎవరికేం నష్టం?" అంటారు చిన్నవాళ్లు. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది. అది ఎంతో తెలుసుకోవాలంటే, కాస్త వెనక్కి పోయి చూడాలి.

ఊరంతటికీ ఒకటే రేడియో

రేడియో కొత్తగా వచ్చిన రోజుల్లో దాన్ని చెవులకు తగిలించుకునే వినేవారు. ఇది సుమారు 100 ఏళ్ల కిందటి మాట. అప్పటి చిన్న రేడియోలకు శబ్దాన్ని పెద్దది చేసే శక్తి లేదు. చెవి దగ్గర పెట్టుకుంటేనే వినిపించేది. తర్వాత గట్టిగా మోగే స్పీకర్లు వచ్చాయి. అప్పుడు ఒకరు వినేది పదిమంది వినేదయింది.

మద్రాసులో రేడియో కేంద్రం 1938లో మొదలైంది. విజయవాడ కేంద్రం 1948లో మొదలైంది. కడప కేంద్రం 1963లో వచ్చింది. కానీ ఆ రోజుల్లో రేడియో పెట్టె కొనడం బీదవాడి వల్ల అయ్యేది కాదు. కొన్నా, ఏటేటా పోస్టాఫీసులో లైసెన్సు రుసుము కట్టాలి. ఈ లైసెన్సు పద్ధతి 1980లలో పోయింది.

అందుకే చాలా పల్లెల్లో పంచాయతీ ఆఫీసులో ఒక రేడియో పెట్టేవారు. గోడ మీదనో, స్తంభం మీదనో మైకు కట్టేవారు. సాయంత్రం పొలం నుంచి వచ్చినవాళ్లు రచ్చకట్ట మీద కూర్చునేవారు. వార్తలు, పాటలు, సేద్యం మాటలు అన్నీ అందరూ కలిసి వినేవారు.

వినడం అయిపోయినాక అసలు పని మొదలయ్యేది. "ఆ మందు మన చేనికి పనికొస్తాదా?" అని ఒకరు అడిగేవారు. "పోయినేడు నేను కొట్టినా, పనికిరాలేదు" అని ఇంకొకరు చెప్పేవారు. రేడియో చెప్పిన మాటను ఊరు తన అనుభవంతో తూకం వేసేది. చదువు రానివాళ్లకు అదే బడి.

అయితే ఆ కాలం అందరికీ మంచిగా ఉండేదని అనుకోకూడదు. రచ్చకట్ట మీద ఎక్కువగా మగవాళ్లే కూర్చునేవారు. ఆడవాళ్లు దూరం నుంచి వినాల్సి వచ్చేది. కులం తేడాల వల్ల కొందరు అంచునే నిలబడాల్సి వచ్చేది. ఏ పాట పెట్టాలో, ఎప్పుడు ఆపాలో పెట్టె తాళం ఉన్నవాడి ఇష్టం.

పెట్టె చిన్నదయింది

తర్వాత ట్రాన్సిస్టరు వచ్చింది. బ్యాటరీలు వేసుకుని చంకలో పెట్టుకుని పోవచ్చు. మేకలు కాసే పిల్లవాడు కూడా కొండ మీద పాట వినగలిగాడు. ఊరి రేడియో ఇంటి రేడియో అయింది.

1979లో జపాన్ దేశంలో సోనీ కంపెనీ వాక్‌మన్ అనే చిన్న టేపు ప్లేయరు అమ్మకానికి పెట్టింది. దీన్ని నడుముకు తగిలించుకుని, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, నడుస్తూ పాటలు వినవచ్చు. ఇందులో ఒక విశేషం ఉంది. ఆ కంపెనీ పెద్ద అకియో మోరితాకు ఒక అనుమానం వచ్చింది. పక్కన మనిషి ఉండగా ఒక్కరే పాట వినడం మర్యాద కాదేమో అనుకున్నాడు.

అందుకని మొదటి వాక్‌మన్‌లో ఇద్దరు వినడానికి రెండు హెడ్‌ఫోన్లు తగిలించే వీలు పెట్టారు. ఒక మీట కూడా పెట్టారు. అది నొక్కితే పాట శబ్దం తగ్గి, పక్కవాళ్ల మాట వినిపించేది. కానీ కొన్నవాళ్లు దాన్ని ఎవరిది వాళ్లే, ఒంటరిగా వినడానికే వాడుకున్నారు. తర్వాత వచ్చిన వాక్‌మన్‌లో ఆ మీట లేదు.

అంటే ఈ ప్రశ్న ఈనాటిది కాదు. ఆ సామాను చేసినవాళ్లకే మొదట్లో ఈ అనుమానం వచ్చింది.

మన పల్లెలకు ఇయర్‌ఫోన్లు ఎక్కువగా సెల్లుఫోనుతో పాటు వచ్చాయి. చాలా సెల్లుల్లో ఎఫ్.ఎం. రేడియో వినాలంటే ఇయర్‌ఫోను గుచ్చాల్సిందే. ఆ వైరే ఏరియల్ లాగా పనిచేస్తుంది. 2016లో జియో వచ్చినాక సెల్లులో డేటా బాగా చౌక అయింది. పాటలు, సినిమాలు, వీడియోలు అన్నీ చేతిలోకి వచ్చాయి. ఊరికి ఒకటిగా ఉన్న పెట్టె ఇప్పుడు మనిషికి ఒకటి అయింది.

ఇయర్‌ఫోను చేసే మేలు

చెవిలో వైరు పెట్టుకున్న ప్రతివాళ్లూ మనుషులకు దూరమైనట్టు కాదు.

అనంతపురం తట్టు ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లే. అది కూడా నమ్మకం లేని వాన. వాన తప్పిన ఏడు బెంగళూరుకో, ఇంకో ఊరికో పనికి పోతారు. బేల్దారి పనికి పోయిన కొడుకు బస్సులో వైరు పెట్టుకుని తల్లితో మాట్లాడతాడు. తల్లి చేతులు శనక్కాయలు ఒలుస్తుంటాయి. చెవి కొడుకు మాట వింటుంది. ఇక్కడ వైరు ఇద్దరిని విడదీయలేదు. కలిపింది.

ఇంకో సంగతి. బస్సులో ఒకరు సెల్లు గట్టిగా పెడితే అందరికీ తలనొప్పి. చంటిబిడ్డ నిద్ర లేస్తుంది. రోగంతో ఆస్పత్రికి పోయేవాళ్లకు కష్టంగా ఉంటుంది. అలాంటి చోట ఇయర్‌ఫోను పెట్టుకోవడమే మర్యాద.

ఒంటరిగా పోయే ఆడపిల్లను కొందరు అదే పనిగా మాట్లాడించి విసిగిస్తారు. చెవిలో వైరు పెట్టుకుంటే ఆ బాధ కొంత తప్పుతుందని ఆ పిల్ల అనుకోవచ్చు. ఆమెను "పొగరుబోతు" అనడం తప్పు. అడిగిన ప్రతివాళ్లకూ జవాబు చెప్పాలనే కట్టుబాటు ఎవరికీ లేదు.

కొందరి చెవిలో ఉండేది పాటల ఇయర్‌ఫోను కాదు. చెవుడు ఉన్నవాళ్లకు డాక్టరు ఇచ్చే వినికిడి మిషను. అది మనిషిని మనుషుల్లోకి తెచ్చేది. తెలియకుండా ఎగతాళి చేయకూడదు.

మరి ఏం పోతోంది?

చెవికి తలుపు లేదు. కన్ను మూసుకోవచ్చు గానీ చెవి తనంతట తాను మూసుకోదు. అందుకే మనం వెతకని మాట కూడా చెవిలో పడుతుంది. అలా పడిన మాటతోనే చాలాసార్లు మేలు జరుగుతుంది.

విత్తనకాయలు ఏ రోజు ఇస్తారో, ఏ ఊరిలో పని ఉందో, ఏ బోరులో నీళ్లు పడ్డాయో, ఏ డాక్టరు మంచిగా చూస్తాడో, ఇవి పక్కవాళ్ల మాటల్లో దొరుకుతాయి. సెల్లు మనం అడిగింది చెబుతుంది. మనం ఇంతకుముందు విన్నటువంటిదే మళ్లీ వినిపిస్తుంది. మనకు అడగాలని కూడా తెలియని సంగతిని చాలాసార్లు పక్కమనిషే చెప్పాలి.

చదువు తక్కువ ఉన్నవాళ్లకు ఈ నష్టం ఇంకా ఎక్కువ. బస్సు బోర్డు చదవలేని అవ్వ "ఈ బస్సు రాయదుర్గం పోతాదా?" అని అడగాలి. బ్యాంకులో ఫారం నింపలేని తాత "రోంత రాసిస్తావా నాయనా?" అని అడగాలి. ఎదుటివాళ్ల చెవులు మూసి ఉంటే వాళ్లకు అడగడానికే మొహమాటం. ఒకరిని అడిగి, ఇంకొకరిని అడిగి, చివరికి ఊరుకుంటారు. బస్సు పోతుంది. ఆ వైరు పెట్టుకున్న పిల్లవాడికి చెడ్డ బుద్ధి ఏమీ లేదు. అవ్వ అడిగిందని అతనికి తెలియనే తెలియదు. నష్టం ఎవరికీ కనబడకుండా జరిగిపోతుంది.

కలిసి విన్నదే పనికి వచ్చింది

కలిసి వింటే, విన్నదాన్ని మాట్లాడుకుంటే ఏమవుతుందో నెల్లూరు జిల్లా చూపించింది.

1990ల మొదట్లో ఆ జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం జరిగింది. రాత్రిపూట లాంతరు చుట్టూ ఆడవాళ్లు చదువుకు కూర్చున్నారు. పాఠాల్లో వాళ్ల బతుకుల గురించే ఉంది. ఒకరు చదివితే అందరూ విన్నారు. విన్నాక మాట్లాడుకున్నారు. కూలి డబ్బులు సారాకు ఎలా పోతున్నాయో లెక్క వేసుకున్నారు. దూబగుంట అనే ఊరిలో ఆడవాళ్లు కలిసి సారా అంగడి మూయించారు. ఆ ఊరి కథ మళ్లీ చదువు పుస్తకంలో పాఠంగా వచ్చింది. వేరే ఊళ్లవాళ్లు దాన్ని చదివి, విని, తామూ కదిలారు. ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం రాష్ట్రంలో సారా అమ్మకాన్ని నిషేధించింది.

అదే పాఠాన్ని ఒక్కొక్కరు తమ ఇంట్లో, తమ చెవిలో మాత్రమే విని ఉంటే? ప్రతి ఆడమనిషీ "ఇది నా ఒక్కదాని కర్మ" అనుకుని ఉండేది. పక్కామె కళ్లలో కూడా అదే నీళ్లు చూసింది కాబట్టే అది అందరి కష్టమని తెలిసింది.

చూడవలసింది ఇదే. వైరు పెట్టుకోవడం ఒక్కటే మనుషులను విడదీయదు. విన్నదాన్ని ఎవరితోనూ మాట్లాడకుండా ఉండిపోవడం విడదీస్తుంది.

చెవికీ, ప్రాణానికీ జాగ్రత్త

మన చెవి లోపల సన్నటి వెంట్రుకల వంటి కణాలు ఉంటాయి. శబ్దాన్ని పట్టుకునేవి అవే. పెద్ద శబ్దం ఎక్కువసేపు వింటే అవి చచ్చిపోతాయి. ఒకసారి పోతే మళ్లీ పుట్టవు.

శబ్దాన్ని డెసిబెల్ అనే కొలతతో కొలుస్తారు. ఇద్దరు మామూలుగా మాట్లాడుకునే మాట సుమారు 60 డెసిబెల్స్. 80 డెసిబెల్స్ శబ్దాన్ని పెద్దవాళ్లు వారానికి 40 గంటలకు మించి వినకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. శబ్దం 90 డెసిబెల్స్ అయితే వారానికి 4 గంటలే. శబ్దం కొంచెం పెరిగితే వినదగ్గ సమయం అంతగా తగ్గిపోతుంది. సెల్లులో శబ్దం గీత సగానికి కొంచెం పైన, అంటే 60 శాతం దాటకుండా పెట్టుకుంటే మంచిది.

రోడ్డు మీద, రైలు పట్టాల దగ్గర, మోటారు బండి నడిపేటప్పుడు ఇయర్‌ఫోను అసలు వద్దు. 2018 ఏప్రిల్ 26న ఉత్తరప్రదేశ్‌లోని కుశీనగర్ జిల్లాలో కాపలా లేని రైలు దారి దగ్గర బడి పిల్లల వ్యానును రైలు గుద్దింది. 13 మంది పిల్లలు చనిపోయారు. డ్రైవరు చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉన్నాయని అప్పట్లో వార్తలు వచ్చాయి. పొలంలో ట్రాక్టరు దగ్గర, నూర్పిడి మిషను దగ్గర పనిచేసేవాళ్లకూ ఇదే జాగ్రత్త. "ఆపు ఆపు" అనే కేక వినబడాలి.

ఏం చేస్తే బాగుంటుంది?

ఇయర్‌ఫోన్లను ఎవరూ పారేయనక్కరలేదు. కొన్ని అలవాట్లు చేసుకుంటే చాలు.

బస్సులో, ఆస్పత్రిలో, ఆఫీసు వరుసలో ఉంటే ఒక చెవికే పెట్టుకోవాలి. రెండో చెవి పక్కమనిషికి వదలాలి. ఎవరైనా పలకరిస్తే వైరు తీసి జవాబు చెప్పాలి. ముసలివాళ్లు, పిల్లల తల్లులు దగ్గరలో ఉంటే తల ఎత్తి ఒకసారి చుట్టూ చూడాలి.

అడిగేవాళ్లు కూడా మొహమాటపడకూడదు. ఎదుటికి వచ్చి చెయ్యి ఊపి అడగాలి. చాలామంది వెంటనే వైరు తీసి చెబుతారు.

ఇంట్లో అన్నం తినేటప్పుడు అందరూ ఫోన్లు పక్కన పెట్టాలి. రోజుకు ఒక్క మంచి సంగతైనా గట్టిగా పెట్టి అందరూ కలిసి వినాలి. వాతావరణం వార్త కావచ్చు. సేద్యం మాట కావచ్చు. మంచి పాట కావచ్చు. విన్నాక దాని గురించి నాలుగు మాటలు మాట్లాడుకోవాలి. సెల్లులో వచ్చే ప్రతి మాటా నిజం కాదు. నలుగురిలో పెట్టి చూస్తే అబద్ధం తొందరగా బయటపడుతుంది.

చదువు కేంద్రంలో మాట్లాడుకోండి

1. మీ ఊరిలో అందరూ కలిసి వినే చోటు ఇప్పుడు ఏది? ఆడవాళ్లు కూడా అక్కడ కూర్చుంటారా?
2. పక్కమనిషి చెప్పిన మాట వల్ల మీకు మేలు జరిగిన సంగతి ఒకటి చెప్పండి.
3. ఇయర్‌ఫోను ఎప్పుడు పెట్టుకోవచ్చు? ఎప్పుడు పెట్టుకోకూడదు? రెండు వరుసలుగా పలక మీద రాయండి.
4. ఈ వారం మీరు సెల్లులో విన్న ఒక సంగతిని అందరికీ చెప్పండి. అది నిజమో కాదో కలిసి తేల్చండి.